చెంచా జారిన రోజు

చిరంజీవి సుధకు,

మావయ్య ఆశీస్సులు. నువ్వు స్నేహితులతో తెరచాప పడవ మీద అండమాన్ వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. "పిల్ల ధైర్యం చూసి సంతోషించవే" అని కసిరాను. ఫోన్ పెట్టేశాక నాకూ అన్నం సహించలేదు.

మీ పడవలో గ్యాస్ ఓవెన్ బర్నర్ నాబ్ వదలగానే ఆరిపోతోందట కదా. వెలిగించాక పదిహేను ఇరవై సెకన్లు నొక్కి పట్టుకో. మంట పక్కన పెన్సిల్ ములికంత కడ్డీ ఉంటుంది, థర్మోకపుల్. అది వేడెక్కితే పుట్టే కాస్త కరెంటే లోపలి వాల్వుని తెరిచి ఉంచుతుంది. మంట ఆరితే కడ్డీ చల్లారి గ్యాస్ దానంతటదే ఆగిపోతుంది. ఉప్పుగాలికి మసి పట్టి ఉంటే సన్న ఎమరీ పేపరుతో తుడు. వెనక నట్టు వదులైందేమో చూడు. గ్యాస్ బయటికొచ్చే సన్న రంధ్రం, అదే జెట్‌లో పిన్నీసు పెట్టావో, ఊరుకోను! రంధ్రం పెద్దదైతే ఇక మార్చడమే.

నేను విశాఖ ఫిషింగ్ హార్బరులో మెకానిక్‌గా ఉన్నప్పుడు రిపేరుకొచ్చిన ఒక పడవలో ఇదే జబ్బు. ఓనరు తొందరపెట్టాడు. నా తెలివి తెల్లారినట్టే ఉంది, నాబ్‌ని నొక్కింది నొక్కినట్టే తీగతో కట్టేశాను. మంట నిలబడింది. కాలరెగరేశాను. డాల్ఫిన్ నోస్ దాటి ట్రయల్‌కి వెళ్ళాం. పైమూతలోంచి కొట్టిన గాలికి మంట ఎప్పుడు ఆరిందో ఎవరూ చూడలేదు. గ్యాస్ మాత్రం పోతూనే ఉంది. నిలబడితే ఏ వాసనా లేదు. ఫ్లాస్కులో టీ పోసుకుని పంచదార కలుపుతుంటే చెంచా జారింది. తీద్దామని వంగితే గుప్పుమంది! వంటగ్యాస్ గాలికన్నా బరువు కదా. ఇంట్లో అయితే గుమ్మంలోంచి పోతుంది, పడవకు గుమ్మం ఎక్కడిది? అడుగున నీళ్ళు చేరే గుంట, బిల్జ్‌లోకి దిగి కూర్చుంటుంది. అప్పటికే ఓనరు చెయ్యి పంపు స్విచ్చు మీద ఉంది. నొక్కితే పుట్టే ఒక్క నిప్పురవ్వ చాలు. నేనరిచిన అరుపుకి ఆయన ఆగిపోయాడు. సిలిండర్ కట్టేసి, మూతలన్నీ తీసి, నవ్వకు, బకెట్లతో గాలిని తోడి సముద్రంలో పోశాం.

తీరా చూస్తే కడ్డీ కొన మంటకి గోరంత పక్కకి జరిగి ఉంది. వేలితో సర్దితే తీరేది.

2023 నవంబరులో హార్బరులో పడవలు తగలబడిన రాత్రి మేడ మీద నిలబడి ఆ ఎర్రటి వెలుగు చూశాను. తీగ చుట్టిన నా చెయ్యే గుర్తొచ్చింది.

సిలిండర్ మార్చిన ప్రతిసారీ సబ్బునురుగు రాసి చూడు, అగ్గిపుల్లతో కాదు. వంటయ్యాక సిలిండర్ దగ్గరే కట్టెయ్యి. గ్యాస్ అలారం పెట్టారా? పెడితే పైన కాదు, అడుగున పెట్టమను.

చెంచా సంగతి మీ అమ్మకి ఇప్పటికీ తెలీదు, చెప్పకు. ఆవకాయ సీసా పంపుతున్నాను, మూత గట్టిగా బిగించు. బయల్దేరే ముందు రాత్రి మోకాళ్ళ మీద వంగి బిల్జ్ దగ్గర వాసన చూసి నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే, మేలుకునే ఉంటాను.

మీ మావయ్య