చేపలు కొరుక్కుంటుంటే మందు కాదు, చోటు చూడాలి

ప్రశ్న: మా ఇంట్లో రెండడుగుల అక్వేరియం ఉంది. అందులో నాలుగు టైగర్ బార్బ్‌లు, ఒక ఏంజెల్, ఆరు గప్పీలు పెంచుతున్నాం. కొద్ది రోజులుగా ఏంజెల్ రెక్కలు, తోక చిరిగిపోతున్నాయి. ఎప్పుడు చూసినా హీటర్ వెనకే నక్కి ఉంటోంది. మేత వేసినా బయటికి రావడం లేదు. ఎవరో చెబితే మిథిలీన్ బ్లూ రెండుసార్లు వేశాను, తేడా ఏమీ లేదు. ఇది జబ్బా, లేక చేపల మధ్య కొట్లాటా? ఏదో ఒకదాన్ని తీసేద్దామంటే పిల్లలు ఒప్పుకోవడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇది జబ్బుతో మొదలైంది కాదండీ, కొరకడంతో మొదలైంది. ఇలాగే వదిలేస్తే మాత్రం జబ్బులోకి దిగుతుంది. అందుకే ముందు ఏంజెల్‌ను ఇవాళే విడిగా ఉంచండి. వేరే ట్యాంక్ లేకపోతే, ఉన్న ట్యాంకులోనే చిల్లులున్న ప్లాస్టిక్ షీటో, గట్టి వలో అడ్డం పెట్టి ఒక వైపు దానికి వదిలేయండి. నీళ్లు అటూ ఇటూ పారాలి, చేపలు దాటకూడదు. హీటర్ వేడి, ఫిల్టర్ నీళ్లు రెండు వైపులకూ అందేలా చూసుకోండి.

కొరికిన గాయానికీ, రెక్కలు కుళ్లే జబ్బుకూ తేడా ఉంది. కొరికితే రెక్క అంచున ముక్క ఊడి, గంటు పడినట్టు ఉంటుంది. కుళ్లు అయితే అంచు తెల్లగానో, ఎర్రగానో మారి, పీచులుగా విడిపోతూ రోజురోజుకూ మొదలు వైపు పాకుతుంది. అనుమానంగా ఉంటే ట్యాంకుకు కాస్త దూరంగా, కదలకుండా పావుగంట కూర్చుని చూడండి. మనం దగ్గరికి వెళ్తే చేపలు మేత కోసం అద్దం దగ్గరికి వచ్చేస్తాయి, కొట్లాట ఆగిపోతుంది. అందుకే చాలామందికి అది కంటపడదు.

మీ ట్యాంకులో జరుగుతున్నదానికి టైగర్ బార్బ్‌ల స్వభావం ఒక కారణం. ఇవి గుంపు చేపలు. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది తేల్చుకోవడానికి ఎప్పుడూ ఒకదాన్నొకటి తరుముకుంటూనే ఉంటాయి. ఎనిమిది, పది ఉంటే ఆ తోపులాట చాలావరకు వాటిలో వాటికే సరిపోతుంది. మూడో నాలుగో ఉన్నప్పుడు పక్కనున్న చేపల మీదికి మళ్లుతుంది. ఏంజెల్‌కేమో పొడవాటి రెక్కలు, నిదానమైన నడక. వాటికి అంతకంటే సులువైన గురి దొరకదు. గప్పీల్లో మగవాటి పెద్ద తోకలకూ ఇదే ముప్పు, వాటినీ గమనించండి.

రెండో కారణం చోటు. వాగులోనో, చెరువులోనో ఓడిన చేప దూరంగా వెళ్లిపోతే గొడవ అక్కడితో ముగుస్తుంది. మీ ట్యాంకులో ఓడిన చేప ఎంత పారిపోయినా రెండడుగులే. కొట్టే చేప కళ్లముందే అది ఉండాలి. ఆ ఒత్తిడికి దానిలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగి రోగనిరోధక శక్తి పడిపోతుంది, తిండి మానేస్తుంది. పైపెచ్చు ఒంటిమీద జిగురు పొర చెదిరిన చోట బ్యాక్టీరియా, ఫంగస్ పట్టుకుంటాయి. హీటర్ వెనక నక్కడం అంటే దానికి మరో దిక్కు లేకపోవడమే.

బార్బ్‌లను ఇంకా కొని గుంపు పెంచమని మీకు సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ట్యాంక్ పెద్దదైతే నేనూ అదే చెప్పేవాణ్ణి. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న రెండడుగుల ట్యాంకులో అంచు దాకా నింపినా పట్టేది మహా అయితే 57 లీటర్లే. అందులో పది బార్బ్‌లను వేస్తే నీళ్లు పాడవుతాయి, కొట్లాట ఆగదు. బాగా కొరికే ఒక్కదాన్ని తీసేసినా లాభం తక్కువ, దాని స్థానంలోకి తర్వాతది వచ్చేస్తుంది. నా సలహా అడిగితే నాలుగు బార్బ్‌లనూ కలిపి, పెద్ద ట్యాంకులో బార్బ్‌ల గుంపు ఉన్నవాళ్లకు ఇచ్చేయండి. చెరువులోనో, కాలువలోనో మాత్రం వదలకండి.

పిల్లలకు ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పడం మంచిది. ఏంజెల్ ఎదిగితే 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, రెక్కలతో కలిపితే ఎత్తు అంతకన్నా ఎక్కువే. అప్పుడు చిన్న గప్పీలను అదే తినేస్తుంది. కాబట్టి కొంతకాలానికైనా దానికి లోతైన, పెద్ద ట్యాంక్ కావాలి. మీ ట్యాంక్ గప్పీలకు చక్కగా సరిపోతుంది. మగ గప్పీ ఒకటికి ఆడవి రెండు, మూడు ఉంటే ఆడవాటికి తరుముడు బెడద తగ్గుతుంది.

రాళ్లు, మొక్కలు అటూ ఇటూ మార్చి చూడమని కూడా అంటుంటారు. ఒక మూలను తనదనుకుని కాపలా కాసే గౌరామీ, సిక్లిడ్ లాంటి వాటి దగ్గర అది పనిచేస్తుంది. ఊళ్లేలినట్టు ట్యాంకంతా తిరిగే బార్బ్‌ల దగ్గర పెద్దగా ఫలితం ఉండదు. అయినా గుబురు మొక్కలు నాలుగు పెట్టండి, గప్పీలకు దాక్కునే చోటు దొరుకుతుంది.

ఇక మిథిలీన్ బ్లూ ఆపేయండి. అది గాయానికి కారణాన్ని తీసేయదు సరికదా, ఫిల్టర్‌లో ఉండి చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను తగ్గించే మంచి బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. అప్పుడు అమ్మోనియా పెరిగి మొప్పలు మండుతాయి. టెస్ట్ కిట్‌తో చూడండి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. లేకపోతే నాలుగో వంతు నీళ్లు తీసి, క్లోరిన్ పోగొట్టిన, అదే వేడి ఉన్న నీళ్లు పోయండి. సరయ్యేదాకా రోజూ ఇలాగే చేయండి. మేత తగ్గించండి. చేతికి గాయం ఉంటే గ్లౌజు లేకుండా ట్యాంకులో చెయ్యి పెట్టకండి, అక్వేరియం నీళ్లలోని ఒక రకం మైకోబ్యాక్టీరియా వల్ల మనకూ మొండి చర్మ సమస్య రావచ్చు.

రెక్క మొదలు దెబ్బతినకపోతే కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది. కొత్త భాగం మొదట పారదర్శకంగా కనిపిస్తుంది, అది మంచి గుర్తే. అలాకాకుండా గాయం మీద దూదిలాంటి పొర, రెక్కల మొదట్లో ఎర్ర చారలు, మొప్పలు గబగబా ఆడించడం లాంటివి కనిపించినా, విడిగా ఉంచాక కూడా మూడు నాలుగు రోజులు తినకపోయినా, చేపలకు వైద్యం చేసే పశువైద్యుడికి చూపించండి. యాంటీబయాటిక్‌లు సొంతంగా వేయకండి. వెళ్లేటప్పుడు ఫోన్‌లో తీసిన వీడియో, శుభ్రమైన సీసాలో ట్యాంక్ నీళ్లు, ఇప్పటిదాకా వేసిన మందు సీసా వెంట తీసుకెళ్లండి.