హెల్మెట్ అద్దానికి గుడ్డ కాదు, ముందు నీళ్లు

మీరు అడిగింది ఇది: విజయనగరం నుంచి గరివిడికి రోజూ బండి మీద వెళ్తున్నారు, కొత్త హెల్మెట్ వైజర్‌కి, అంటే ముందుండే అద్దానికి, రెండు నెలలకే గీతలు పడ్డాయి, గీతలు పడకుండా ఎలా తుడవాలి, పడ్డ గీతలు టూత్‌పేస్ట్‌తో పోతాయంటున్నారు నిజమేనా అని.

పేస్ట్ సంగతి ముందు చెప్పేస్తాను. వద్దండి. పద్నాలుగేళ్లుగా టెక్కలి దగ్గర ఒక గ్రానైట్ పాలిష్ యూనిట్‌లో పనిచేస్తున్నాను. నున్నగా చెయ్యడం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పాలిష్ అంటే గీతలు పోవడం కాదు. పెద్ద గీతల్ని అరగదీసి, వాటి చోట చిన్న గీతలు వెయ్యడం. రుద్దే పొడి ముతక రకంతో మొదలుపెట్టి, సన్నరకం, ఇంకా సన్నరకం అంటూ వెళ్తే చివరికి ఆ గీతలు కంటికి ఆనవు. అప్పుడు రాయి అద్దంలా మెరుస్తుంది. పేస్ట్‌లో ఉండేది కూడా రుద్దే పొడే, సుద్దో సిలికావో. పళ్లకి అది సరిపోతుంది, పన్ను గట్టిది. హెల్మెట్ అద్దం పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. సుత్తితో కొట్టినా తొందరగా పగలదు గానీ, గీతకి మాత్రం చాలా మెత్తన. అందుకే కంపెనీవాళ్లు మంచి వైజర్ల పైన పలచగా ఒక గట్టి పూత వేస్తారు. మీరు పేస్ట్ పెట్టి రుద్దితే ముందు పోయేది ఆ పూతే. నాలుగు గీతలు పోయినట్టు కనబడతాయి, వాటి బదులు నాలుగు వేల సన్నగీతలు వస్తాయి. అవి పగలు కనబడవు. అక్కడే ఉంది ప్రమాదం.

నాకిది ఎలా తెలిసిందో చెప్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా. మా అత్తవారిది వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరు, ఉద్దానం. మూడో రోజుకి గానీ నాకు వెళ్లడానికి వీలు కాలేదు. నరసన్నపేట నుంచి బియ్యం, కొవ్వొత్తులు, రెండు నీళ్ల టిన్నులు కట్టుకుని నేనూ మా బామ్మర్దీ బయల్దేరాం. వాడు అంతకు వారం ముందే మా ఇంటికి వచ్చి, నా హెల్మెట్ అద్దం మీద గీతలు చూసి, ఫోన్‌లో ఏదో వీడియో చూసి, పేస్ట్ పెట్టి శుభ్రంగా రుద్దిపెట్టాడు. ప్రేమతోనే చేశాడు, వాడిని తప్పు పట్టను. వెళ్లేటప్పుడు ఎండ. "సూసేవా బావా, కొత్తదానిలాగుంది" అని వెనక నుంచి రెండుసార్లు అన్నాడు కూడా.

అక్కడ చూసింది ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. కొబ్బరి తోటకి తోట ఒకే వైపుకి పడిపోయి ఉంది. జీడితోటలు వేళ్లతో లేచిపోయాయి. కరెంటు స్తంభాలు నడుముకి విరిగి వేలాడుతున్నాయి. మా మామగారు పడిపోయిన చెట్లని ఒక్కొక్కటీ చూపించి, ఇది ఫలానా ఏడు నాటాను, ఇది మీ ఆవిడ పుట్టినప్పుడు నాటాను అని చెప్తూ ఉంటే ఆయన్ని వదిలి రాలేకపోయాం. బయల్దేరేసరికి చీకటి పడిపోయింది.

కరెంటు లేదు కాబట్టి ఊళ్లలో ఒక్క దీపం లేదు. అలాంటి చీకట్లో స్తంభాలు వేసుకున్న లారీలు ఎదురొస్తున్నాయి. మొదటి లారీ లైటు పడగానే నా అద్దం మీద పాలు పోసినట్టు అయిపోయింది. మొత్తం తెలుపు. రోడ్డు లేదు, అంచు లేదు. వెనక నుంచి మావాడు "బావా, మాను! మాను!" అని భుజం పట్టి గుంజేశాడు. బ్రేకు కొట్టాను, బండి ఓరగా జారి ఆగింది. అద్దం ఎత్తి చూస్తే ముందు చక్రానికి జానెడు దూరంలో కొబ్బరి మాను. సగం కోసి, ఒక పక్క దారి చేసి వదిలేశారు. పచ్చి రంపంపొట్టు వాసన ఇంకా వస్తోంది. కాసేపు ఆ మాను మీదే కూర్చున్నాం. ఇంకో లారీ వచ్చినప్పుడు మావాడు నా హెల్మెట్ తీసుకుని ఆ అద్దంలోంచి లైటు వైపు చూశాడు. ఏమీ అనలేదు. నా చేతికిచ్చేసి "అద్దం ఎత్తీసి పోనీ బావా" అన్నాడు అంతే. పురుగులు కళ్లలో పడుతుంటే ఇరవై స్పీడులో హైవే ఎక్కాం.

వాడికి తలమీద హెల్మెట్ లేదు, ఆ రోజు అది ఇంకో తప్పు. వెనక కూర్చున్నవాళ్లకి కూడా హెల్మెట్ ఉండాలని చట్టమే చెప్తోంది. మావైపు దాన్ని పోలీసు కనబడితే పెట్టుకునేదిగానే చూస్తున్నారు, నాకు చాలా బాధేస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. అద్దాన్ని గీసేది గుడ్డ కాదు, గుడ్డ కింద చిక్కుకున్న దుమ్ము. రోడ్డు దుమ్ములో పలుగురాయి పొడి ఉంటుంది. అది గాజునే గీస్తుంది, ఇక ప్లాస్టిక్ ఎంత? ఆ దుమ్ము మీద పొడిగుడ్డ వేసి రుద్దితే మీరు మా యూనిట్‌లో మేం చేసే పనే చేస్తున్నట్టు. తేడా ఏమిటంటే మేమైనా మిషన్ మీద ఎప్పుడూ నీళ్లు పారిస్తాం. ముతక రకం నుంచి సన్నరకానికి మారేటప్పుడు స్లాబుని కడగకపోతే, వెనకటి ముతక గింజ ఒక్కటి ఉండిపోయినా చాలు, పొడుగునా గీత లాగేస్తుంది. ఆ స్లాబు మళ్లీ మొదటికి వెళ్లాల్సిందే. కొత్త కుర్రాళ్లకి నేను మొట్టమొదట నేర్పేది కడగడమే.

కాబట్టి వీలైతే వైజర్‌ని హెల్మెట్ నుంచి విప్పండి. ముందు నీళ్లు పారించండి, చెయ్యి పెట్టకుండా. తర్వాత పాత నూలు బనీను నీళ్లలో ముంచి, పిండకుండా అద్దం మీద పరిచి పావుగంట వదిలెయ్యండి. తొలకరికి ఉసిళ్లు అంటుకుంటాయి చూడండి, రెక్కలూ జిగురూ కలిసి ఎండిపోయి, అవి కూడా ఇలా నానితే వాటంతట అవే ఊడిపోతాయి. గోరు పెట్టొద్దు. ఆ తర్వాత పిల్లల షాంపూ ఒక చుక్క, మీ వేళ్లతోనే. గుడ్డకి గింజ తెలియదు, వేలికి తెలుస్తుంది. గరగర తగిలితే ఆపి మళ్లీ నీళ్లు పొయ్యండి. చివరి నీళ్లు మాత్రం తాగే నీళ్లు పొయ్యండి. మా బోరు నీళ్లు ఆరితే తెల్ల మచ్చలు పడతాయి, ఆ మచ్చల్ని పోగొట్టాలని మళ్లీ రుద్దడం మొదలెడతాం. తుడవడం అంటే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డని అద్ది తియ్యడమే. ఆ గుడ్డని జీన్స్ ప్యాంట్లతో కలిపి ఉతక్కండి. నీడలో ఆరబెట్టండి.

పెట్రోలు, థిన్నర్, శానిటైజర్, ఇంటి కిటికీలకి కొట్టే అమోనియా ఉన్న స్ప్రే, ఇవేవీ దగ్గరికి రానివ్వొద్దు. గీత పడకపోయినా పాలీకార్బొనేట్ లోపల్లోపలే నెర్రెలిస్తుంది. కాగితం కూడా వద్దు, న్యూస్ పేపర్ అసలే వద్దు. లోపలి వైపు మంచు పట్టని పూత ఉంటే అది బయటి పూత కంటే నాజూకు, నీళ్లతో సరిపెట్టండి.

పెట్రోలు బంకుల్లో కుర్రాళ్లు మంచితనం కొద్దీ, ట్యాంకు తుడిచిన గుడ్డతోనే మన అద్దం కూడా తుడవబోతారు. ఒక బంకులో నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే అయిపోయింది, ఆ గీత ఇప్పటికీ కుడికన్ను ఎదురుగా ఉంది. డిక్కీలో అరలీటరు నీళ్ల సీసా, కవర్లో తడిగుడ్డ పెట్టుకోండి. బండి నడుస్తుండగా గ్లోవ్‌తో తుడవడం మానెయ్యండి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. టార్పాలిన్ కట్టకుండా ఇసుక ట్రాక్టర్లు వెళ్తుంటాయి. వాటి వెనక పది నిమిషాలు వెళ్తే మీరు ఎంత జాగ్రత్త పడినా లాభం లేదు. మా గ్రానైట్ లైన్లో కూడా తప్పుంది. రాయి కోసిన బురదని రోడ్డు పక్కన పోసేసేవాళ్లున్నారు. అది ఎండి, లారీ వెళ్లినప్పుడల్లా మొహాన కొడుతుంది. నా అన్నం అక్కడే కాబట్టి నోరు మూసుకోవాలని నాకు అనిపించదు. ఆ పొడి మన అద్దానికే కాదు, ఊపిరితిత్తులకీ చేటు. ఊళ్లోవాళ్లు గట్టిగా అడగాలి.

మీ అద్దానికి ఇప్పటికే గీతలు పడ్డాయన్నారు కాబట్టి ఈ రాత్రే ఒక పని చెయ్యండి. మేడ ఎక్కి, చుట్టూ చీకటిగా ఉన్నచోట నిలబడి, అద్దం కంటి ముందు పెట్టుకుని దూరంగా ఉన్న ఒక్క వీధి దీపాన్ని చూడండి. దీపం దీపంలా కనబడితే ఆ అద్దం ఇంకొన్నాళ్లు వస్తుంది. దీపం చుట్టూ సాలెగూడులా వలయం కడితే, రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఆ కంపెనీదే, ఆ మోడల్‌దే కొత్త వైజర్ తెచ్చుకోండి. నల్లది కాదు, రంగు లేని తెల్లది.