మాల వేసుకునే ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మావారికి 43 ఏళ్ళు, రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా. పొద్దున్నే క్వార్టర్ పడితే గానీ చేతుల వణుకు ఆగదు. పోయినేడాది అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేశారు. మూడో రోజు రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయనీ, చనిపోయిన మామయ్య వాకిట్లో నిలబడ్డారనీ ఒకటే కేకలు. గాలి సోకిందని తాయెత్తు కట్టించాం. తర్వాత సర్దుకుని 41 రోజులూ ముట్టలేదు. కొండకు వెళ్ళొచ్చి మాల తీసిన సాయంత్రమే మళ్ళీ మొదలు. ఈ కార్తీకంలోనూ వేసుకుంటారట. తెలియకుండా కూరలో కలిపితే తాగుడు మాన్పించే పొడి ఉందని ఆడపడుచు చెప్పింది. కలపమంటారా? బయట తెలిస్తే పదో తరగతి చదివే పాపకు రేపు సంబంధాలు రావని అత్తగారి భయం. బెల్టు షాపు బాకీలు కూడా ఆమే పింఛనులోంచి గుట్టుగా కట్టేస్తున్నారు. ఆమె పుట్టిల్లు కలిగిరి వైపు. సారా ఉద్యమంలో తిరిగిన మనిషి.

జవాబు: అమ్మా, పొడి మాత్రం కలపకండి. అందులో ఏముందో అమ్మేవాళ్ళు చెప్పరు. డైసల్ఫిరామ్ లాంటి మందు ఉండి, దాని మీద ఆయన తాగితే గుండె దడ, వాంతులు వస్తాయి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ మందును డాక్టర్లూ వాడతారు, కానీ మనిషికి అన్నీ వివరించి, ఒప్పుకున్నాకే ఇస్తారు. పైగా అన్నంలో ఏదో కలిపారని ఒక్కసారి తెలిసిందంటే మీ చేతి ముద్ద ఆయన మళ్ళీ నమ్మరు.

పోయినేడాది ఆ రాత్రి వచ్చింది గాలి కాదు. రోజూ మందుకు అలవాటుపడ్డ మెదడుకు అది ఉన్నట్టుండి ఆగిపోతే పట్టు తప్పుతుంది. మొదటి రోజే వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, అయినవాళ్ళనే గుర్తుపట్టరు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే చనిపోయే ప్రమాదం ఉంది. ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. తెలియక తాయెత్తు కట్టించారు, అందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

అందుకే ఈసారి మాలకు రెండు మూడు వారాల ముందే నెల్లూరు ప్రభుత్వ పెద్దాసుపత్రికి గానీ, ఒంగోలు రిమ్స్‌కు గానీ తీసుకెళ్ళి మానసిక వైద్యులకు చూపించండి. ఆ రాత్రి సంగతి దాచకుండా చెప్పండి. అవసరమైతే చేర్చుకుని, వణుకూ ఫిట్సూ రాకుండా మందులిచ్చి, మెల్లగా తగ్గిస్తారు. బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు, కాలేయం పరీక్షలు చేస్తారు. నీరసంగా ఉన్నారని ఊళ్ళో గ్లూకోజు బాటిల్ పెట్టించకండి. బీ1 తక్కువగా ఉన్న మనిషికి వట్టి గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. డాక్టరు చూసేదాకా గదిలో పెట్టి తాళం వేసి మాన్పించడం కూడా వద్దు.

ఇక మాల సంగతి. ఆయన భక్తిని నేను తక్కువ చేయను. ఆ 41 రోజులూ ఊరంతా ఆయన్ని ‘స్వామీ’ అని పిలిచింది, ఎవరూ గ్లాసు అందించలేదు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, సాయంత్రం భజన, చుట్టూ తోటి స్వాములు. తాగే వేళకు ఒక పనీ, ఒక తోడూ ఉన్నాయి. మాల తీయగానే అవన్నీ ఒకేసారి పోయాయి. ఆ సాయంత్రం ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో ఆయనతో కూర్చుని ఇప్పుడే అనుకోండి. చెరువు గట్టు మీద రాత్రి కాపలా బదులు పగటి పని ఇస్తారేమో యజమానిని అడగమనండి. ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు దగ్గర్లో ఎక్కడ జరుగుతాయో డాక్టర్ని అడగండి. తాగుడుతో అవస్థపడిన ఇద్దరు 1935లో అమెరికాలో మొదలుపెట్టింది అది. ఫీజు ఉండదు. తాగి మానేసినవాళ్ళే అక్కడ తోడు. మధ్యలో ఒకసారి తాగినా అంతా అయిపోయిందనుకోకుండా మళ్ళీ డాక్టరు దగ్గరికే వెళ్ళండి.

అత్తగారి భయం నాకు అర్థమవుతుంది. కానీ 1992లో ఆమె పుట్టింటి వైపే ఉన్న దూబగుంట ఊరి ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకుంటూ బయటపెట్టుకున్నదీ ఇలాంటి ఇంటి గుట్టే. ఒకరి కష్టం ఒకరికి చెప్పుకున్నాకే సారా కొట్టు మీదికి కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. దెప్పినట్టు కాకుండా ఆ రోజుల గురించి ఆమెనే చెప్పమనండి. బాకీలు కట్టే పింఛను డబ్బుతో ఆసుపత్రికి తోడు రమ్మనండి.

ఆయన తాగి ఉన్నప్పుడూ, వణుకుతున్నప్పుడూ ఈ మాట ఎత్తకండి. కాస్త నిలకడగా ఉన్న వేళ చూసి, “41 రోజులు ఉండగలిగారు కదా” అని మొదలుపెట్టండి. ఎలా చెప్పాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు. ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపిస్తున్నా 108. ఎప్పుడైనా చెయ్యి చేసుకుంటే 112.

పాపను కూడా దగ్గర కూర్చోబెట్టుకోండి. ఆ రాత్రి కేకలు తనూ వినే ఉంటుంది. నాన్నకు వచ్చింది జబ్బు అనీ, దానికి డాక్టరు దగ్గర మందు ఉందనీ మీ నోటితో చెప్పండి.