ట్రెడ్‌మిల్, డంబెల్స్ కొనేటప్పుడు క్రెడిట్ కార్డ్ పాయింట్లు ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

మీ లెక్క ఇది: హైదరాబాద్ నిజాంపేట ఫ్లాట్‌లోకి 30,000 రూపాయల ట్రెడ్‌మిల్, మరో 12,000లో బెంచీ, డంబెల్స్. చేతిలో హెచ్‌డీఎఫ్‌సీ మిలీనియా కార్డు, ఇంకో బ్యాంకు కార్డులో 12,000 పాయింట్లు. నో కాస్ట్ ఈఎంఐ మేలా, పాయింట్లు మేలా అని అడిగారు.

ముందు ఈఎంఐ సంగతి చూద్దాం, ఎక్కువమందికి డబ్బు జారిపోయేది అక్కడే. 30,000ని 6 నెలలకు, 16 శాతం వడ్డీతో పెడితే వడ్డీ సుమారు 1,350. దాన్ని అమ్మేవాడు ముందే డిస్కౌంట్‌గా ఇస్తాడు, నిజమే. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, అంటే 243 రూపాయలు, మీ స్టేట్‌మెంట్‌లోకే వస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే జీఎస్‌టీతో 235. పైగా చాలా క్యాష్‌బ్యాక్ కార్డులు ఈఎంఐ లావాదేవీకి పైసా ఇవ్వవు. ఫీజులు, పోయిన క్యాష్‌బ్యాక్ కలిపితే "నో కాస్ట్" కాస్తా 1,500 నుంచి 2,000 దాకా తేలుతుంది. అలాగని మొత్తం ఒకేసారి స్వైప్ చేసి బిల్లు కట్టకపోతే ఇంకా నష్టం: నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 1,050, జీఎస్‌టీతో 1,239. ఒక్క నెల ఆలస్యానికే మిగిలిందంతా ఊడ్చుకుపోతుంది. గడువులోగా పూర్తిగా కట్టగలిగితేనే ఈ పాయింట్ల ఆటలోకి దిగండి.

ఇక క్యాష్‌బ్యాక్. మిలీనియా 5 శాతం ఇచ్చే జాబితాలో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, కల్ట్‌ఫిట్ ఉన్నాయి. నెలకు 1,000 పాయింట్ల (పాయింటుకు రూపాయి) పరిమితి కూడా ఉంది. అంటే 20,000 దాటిన ఖర్చుకు ఆ 5 శాతం పనిచేయదు. 30,000 ట్రెడ్‌మిల్ మీద మీకు దక్కేది 3.3 శాతమే. ట్రెడ్‌మిల్‌ని రెండు ముక్కలుగా కొనలేం కదా! డంబెల్స్, బెంచీ అయితే విడివిడిగా కొనొచ్చు కాబట్టి మిలీనియాని వాటికి వాడండి, 12,000 మొత్తం దాంతోనే కడితే 600 పూర్తిగా వస్తాయి. ఈ కార్డు మీద కొనేవి మొత్తం 20,000 దాటేలా ఉండి, పరిమితి క్యాలెండర్ నెలకా, బిల్లింగ్ నెలకా అన్న అయోమయం వద్దనుకుంటే ఆర్డర్ల మధ్య ఐదు వారాలు ఎడం పెట్టండి.

ట్రెడ్‌మిల్‌కి పరిమితి లేని కార్డు కావాలి. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డు ప్రైమ్ సభ్యులకు అమెజాన్‌లో 5 శాతం ఇస్తుంది, వార్షిక ఫీజు లేదు. 30,000కి 1,500 అమెజాన్ పే బ్యాలెన్స్‌గా పడుతుంది. మ్యాటు, బెల్టుకి వేసే సిలికాన్ ఆయిల్ దాంతోనే వచ్చేస్తాయి. పండగ సేల్‌లో "10 శాతం ఇన్‌స్టంట్ డిస్కౌంట్" అని పెద్దక్షరాలతో కనిపిస్తుంది. దాని కింద చిన్నక్షరాల్లో ఉన్న గరిష్ఠ మొత్తం చదవండి. 1,500 దగ్గర ఆగిపోతే 30,000 మీద అది 5 శాతమే. ఆ ఆఫర్ మీ క్యాష్‌బ్యాక్ కార్డు బ్యాంకుదే అయితే రెండూ కలుస్తాయి. 1,500 తగ్గాక 28,500 మీద 5 శాతం 1,425, మొత్తం 2,925. నా దృష్టిలో ఆ వారం కోసం ఆగడం దండగ కాదు.

ఆ 12,000 పాయింట్ల విలువ పాయింటుకు 25 పైసలైతే 3,000 రూపాయలు. బ్యాంకు కేటలాగ్‌లో కనిపించే ఎక్సర్‌సైజ్ సైకిల్‌ జోలికి వెళ్లకండి. అక్కడ ధర ఎక్కువగా ఎంఆర్‌పీ మీదే లెక్క కడతారు, బయట అదే మోడల్ చాలా తక్కువకు దొరుకుతుంది. షాపింగ్ వోచర్లుగా మార్చుకోండి, అదీ ఒకేసారి. రిడెంప్షన్‌కి 99 రూపాయలు ప్లస్ జీఎస్‌టీ తీసుకునే బ్యాంకులో నాలుగుసార్లు మారిస్తే 467 రూపాయలు ఫీజుకే పోతాయి.

వోచర్లను ట్రెడ్‌మిల్‌కి మాత్రం వాడొద్దు. దెబ్బతిని వచ్చే అవకాశం ఎక్కువున్న సరుకు అదే. వెనక్కి పంపితే వోచర్ డబ్బు బ్యాంకుకు రాదు, ఆ సైట్ బ్యాలెన్స్‌లోనే ఇరుక్కుంటుంది. వోచర్‌తో కట్టిన భాగానికి బ్యాంకు ఆఫర్ వర్తించదు, గొడవైతే కార్డు ద్వారా చార్జ్‌బ్యాక్ (బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి తెప్పించుకోవడం) అడిగే దారీ ఉండదు. డంబెల్ పాడయ్యేదేముంది? వోచర్లు అటు పెట్టి, మిగతాది మిలీనియాతో కట్టండి.

డెలివరీ రోజు డబ్బా విప్పడం వీడియో తీయండి. బిగించిన మనిషి వెళ్లకముందే ఇంట్లో బరువైన వాళ్లను ఎక్కించి పది నిమిషాలు నడిపించండి. బెల్టు పక్కకు జరగడం, మోటారు ఆగడం అప్పుడే బయటపడతాయి. ప్లగ్గు 16 ఆంప్స్ సాకెట్‌లోనే. మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు వేడెక్కి కాలొచ్చు. స్పెసిఫికేషన్‌లో పీక్ హెచ్‌పీ (మోటారు కాసేపు మాత్రమే ఇచ్చే గరిష్ఠ శక్తి) కాదు, కంటిన్యువస్ హెచ్‌పీ (ఆగకుండా ఇచ్చే శక్తి) చూడాలి.

ప్లేట్లు, రాడ్లు అయితే ఎల్బీ స్టేడియం చుట్టుపక్కల స్పోర్ట్స్ షాపుల్లో ఒకసారి అడగండి. కిలో లెక్కన ఇస్తారు, రవాణా భారం ఉండదు కాబట్టి ఆన్‌లైన్ కన్నా చాలాసార్లు తక్కువకే వస్తాయి. కార్డు అంటే 2 శాతం ఎక్కువడిగే షాపులున్నాయి. అక్కడ మిలీనియా ఇచ్చేది 1 శాతం, కాబట్టి కార్డు జేబులోనే ఉంచి బేరమాడండి. రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకున్నా అది షాపు క్యూఆర్‌కే పనిచేస్తుంది, ఓనరు సొంత నంబరుకు పోదు. ప్లేటు రంధ్రం మీ రాడ్డుకి సరిపోతుందో అక్కడే తొడిగి చూడండి: ఒలింపిక్ ప్లేటు 50 ఎంఎం, ఇళ్లలో వాడే సన్న రాడ్లు 25 నుంచి 28 ఎంఎం. జతలో రెండింటినీ కాటా మీద పెట్టించండి, పోత ఇనుము ప్లేట్లలో 5 కిలోలని రాసి ఉన్నా వందల గ్రాముల దాకా తేడా ఉండొచ్చు.