అమ్మానాన్నల అమెరికా ప్రయాణం: పచ్చళ్ల కంటే ముందు మందులు సర్దండి

రాజోలు నుంచి మొదటిసారి అమెరికా వెళ్తున్న మీ అమ్మానాన్నల గురించి అడిగారు. నాన్నగారు షుగరుకి ఇన్సులిన్ వాడుతున్నారు, అమ్మగారికి బీపీ అన్నారు. మాది అమలాపురం దగ్గర. మావాళ్లనీ ఇలాగే అక్క దగ్గరికి పంపాం కాబట్టి తెలిసింది చెప్తాను.

ముందు మందుల సంగతి చూడండి. మనవైపు మెడికల్ షాపులో అడిగినన్ని బిళ్ళలు కత్తిరించి ఇస్తారు. మందు పేరు ఒక ముక్క మీద, ఎక్స్‌పైరీ తేదీ ఇంకో ముక్క మీద ఉంటాయి. మా నాన్నకైతే మందుల పేర్లే తెలియవు, "పొద్దున్న తెల్లబిళ్ళ, రాత్రి గులాబీ బిళ్ళ" అంతే. అక్కడ ఆ లెక్క నడవదండి. పూర్తి స్ట్రిప్పులే కొని, బిల్లులు దాచండి. జబ్బు, మందు, మోతాదు రాసి డాక్టరుగారి చేత టైపు చేసిన లెటర్ ఇప్పించుకోండి. మన దగ్గరి కంపెనీ పేర్లు చెబితే అక్కడి ఫార్మసీల్లో తెలియదు. షుగరుకి మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టన్ అని అసలు మందు పేరు చెబితే తెలుస్తుంది. మామూలుగా 90 రోజులకు సరిపడా మందులే తీసుకెళ్లమంటారు. ఆరు నెలలు ఉండేటట్టయితే మిగతా వాటి ఏర్పాటు అక్కడి పిల్లలతో ఇప్పుడే మాట్లాడుకోండి.

ఇన్సులిన్ చేతి బ్యాగులోనే ఉండాలి. చెకిన్ లగేజీలో చలికి గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు. చేతి బ్యాగులో ద్రవాలు 100 మి.లీ. మించకూడదనే నిబంధన మందులకు అడ్డం రాదు, సెక్యూరిటీ దగ్గర ముందే చూపిస్తే చాలు. అసలు చిక్కు టైముతో. న్యూయార్క్ మనకంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. పడమటికి వెళ్తున్నప్పుడు ఆ రోజు సాగిపోతుంది కాబట్టి, ఏ డోసు ఎప్పుడు వేసుకోవాలో డాక్టరుగారి చేతే కాగితం మీద రాయించండి. యూట్యూబ్ చూసి మార్చకండి.

టికెట్ బుక్ అవ్వగానే డయాబెటిక్ మీల్ చెప్పేయండి. శాకాహారులైతే 'హిందూ మీల్' పెట్టకండి, అందులో మాంసం ఉండొచ్చు. 'ఏషియన్ వెజిటేరియన్' అని పెట్టాలి. వీల్‌చైర్ అడగండి, నడవగలిగినా సరే. "రోజూ చేలో తిరిగేవాణ్ణి, నాకెందుకు?" అని మా నాన్న అలిగారు గానీ, విమానం మారే చోట గేటు దాకా తీసుకెళ్లే మనిషి ఉండటమే సగం టెన్షన్ తీర్చింది. విమానంలో అప్పుడప్పుడూ లేచి నడవమనండి, నీళ్లు తాగమనండి. కాళ్లు వాస్తాయి, బిగుతు చెప్పులు వద్దు.

ఇన్సూరెన్స్‌లో ధర కాదు, పాత జబ్బుల గురించి ఏం రాశారో చదవండి. చాలా పాలసీలు వాటికి ప్రాణం మీదకొచ్చినప్పుడే డబ్బు కడతాయి. పళ్ల పని, కళ్లజోడు ఇక్కడే చూసుకుని వెళ్లడం మేలు.

ఇక లగేజీ. కురిడీ కొబ్బరికాయలు, ఎండుకొబ్బరి పెట్టకండి. నూనె ఎక్కువ కాబట్టి దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకని విమానాలవాళ్లు ఒప్పుకోరు. మన కోనసీమ వాళ్లకి ఇది మింగుడుపడదు, తెలుసు. దుబాయ్ మీదుగా అయితే గసగసాలు అసలొద్దు, అక్కడ నిషేధం. ఆవకాయ తీసుకెళ్లొచ్చు గానీ అమెరికాలో దిగగానే తినే వస్తువులున్నాయని చెప్పాలి. కోడి, మేక మాంసం పచ్చళ్లు మాత్రం లాగేసుకుంటారు. పూతరేకులు కట్టిస్తే అమ్మగారి బ్యాగులో పెట్టండి, నాన్నగారి చేతికి అందకుండా.