కొత్త ట్రైల్ ట్రక్కు కొన్నారా? ముందు బ్యాటరీ సెట్టింగ్ చూడండి, ఆ యాప్ జోలికి పోకండి

సెలవులొస్తే చాలు, రిమోట్ ట్రక్కుల మీద ప్రశ్నలు వరుసగా వస్తాయి. అసలు బండిలా కనిపించే బాడీ, కింద నిజమైన చాసిస్, ముందూ వెనకా గట్టి ఇరుసులు, రాళ్లెక్కడానికి పనికొచ్చే మెత్తటి టైర్లు ఉండే 1/10 స్కేలు ట్రైల్ ట్రక్కుల గురించే నేను మాట్లాడుతున్నది. బొమ్మల షాపులో దొరికే వాటి సంగతి వేరు. పదిమంది పది రకాలుగా రాసినా చాలావరకు ఫిర్యాదు ఒకటే, అందుకే విడివిడిగా జవాబులు రాయకుండా అన్నీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నాను. బ్యాటరీ ఎలా పెట్టాలి, రిమోట్ ఎలా పట్టుకోవాలి వంటివి పెట్టెలోని కాగితంలో ఉంటాయి, అవి చదివి రండి.

ప్రశ్న: బ్యాటరీ ఫుల్ చార్జ్ చేసి గుట్ట దగ్గరికి తీసుకెళ్తే కొద్దిసేపటికే బండి ఆగిపోతోంది. కాసేపు ఆగితే మళ్లీ కదులుతోంది, మళ్లీ ఆగుతోంది. మోటార్ మార్చాలని షాపువాళ్లు అంటున్నారు. (హనుమకొండ పాఠకుడు)

మోటార్ మార్చకండి. డబ్బు దండగ. ముందు మీ ఈఎస్‌సీ, అంటే మోటార్‌కి కరెంటు ఎంత పోవాలో చూసుకునే చిన్న పెట్టె ఉంటుంది చూశారా, దాని పక్కన రెండు జంపర్లు ఉన్నాయేమో చూడండి. గోటికి కూడా సరిగ్గా దొరకని నల్లటి ప్లాస్టిక్ ముక్కలు అవి. ఒకటి బ్యాటరీ రకం చెబుతుంది, ఇంకోటి బండి నడిచే తీరు చెబుతుంది. మీ బండితో వచ్చింది 7.2 వోల్టుల నికెల్ బ్యాటరీ, ఆ జంపరేమో లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ వైపు పెట్టి ఉండి ఉంటుంది. లైపో సెట్టింగ్‌లో ఈఎస్‌సీ ఒక్కో సెల్ సుమారు 3.2 వోల్టుల దగ్గరికి రాగానే చాలు అని ఆపేస్తుంది, రెండు సెల్స్ లెక్కన 6.4 వోల్టులు. నికెల్ బ్యాటరీ రాయెక్కేటప్పుడు, అంటే మోటార్ ఎక్కువ కరెంటు లాగినప్పుడు, అక్కడిదాకా సులువుగా పడిపోతుంది. మోటార్ మీద భారం తగ్గగానే వోల్టేజీ మళ్లీ లేస్తుంది, అందుకే కాసేపాగితే కదులుతోంది. జంపర్ మార్చండి, సమస్య పోతుంది.

దీనికి వ్యతిరేకమైన కేసు ఇంకా ప్రమాదం, అది గుంటూరు నుంచి వచ్చింది: "బండి బాగా పరిగెత్తాలని లైపో కొని వేశాను, నెల తిరక్కముందే పూరీలా ఉబ్బింది." ఇక్కడ జంపర్ నికెల్ వైపే ఉండిపోయింది. లైపో ఎంత దిగిపోతున్నా ఈఎస్‌సీ ఆపలేదు, సెల్స్ ఆగాల్సిన చోటు దాటి ఖాళీ అయిపోయాయి. నిండినప్పుడు సెల్‌కి 4.2 వోల్టులు, దాచిపెట్టేటప్పుడు 3.8, వాడేటప్పుడు 3.2కి కిందికి పోకూడదు. ఈ మూడు అంకెలు గుర్తుంటే చాలు. ఒక్కసారి ఉబ్బిన దాన్ని మళ్లీ చార్జ్ చేయొద్దు, సూదితో గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. చెత్త బండిలో నలిగితే మంటలు లేస్తాయి. ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే, కాబట్టి కొన్న చోట గట్టిగా అడగండి.

నాకు నిజంగా కోపం తెప్పించేది ఈ జంపర్ వ్యవహారమే. బ్యాటరీ పేలి ఇల్లు కాలే అవకాశం ఉన్న సెట్టింగ్‌ని కనిపించని ప్లాస్టిక్ ముక్కకి అప్పజెప్పి, మాన్యువల్‌లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఒక లైన్ రాసేసి చేతులు దులుపుకుంటున్నారు. బండి ఆన్ చేయగానే లైపో సెట్టింగా, నికెల్ సెట్టింగా అని బీప్‌ల లెక్కతో చెప్పే ఈఎస్‌సీలు కొన్నున్నాయి, ఆ బీప్‌ల అర్థం పెట్టె మీద పెద్దక్షరాల్లో వేస్తే పోయేదేముంది?

చార్జింగ్ మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. లైపోని బ్యాలెన్స్ వైరు (సెల్స్ అన్నీ సమంగా నిండేలా చూసే వైరు) తగిలించే చార్జ్ చేయాలి, 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి 5 ఆంపియర్లు దాటకూడదు. మంచం మీద, సోఫా మీద పెట్టొద్దు. టైల్స్ నేల మీద, పక్కన కాలేవి లేని చోట పెట్టి మీరూ అక్కడే ఉండండి. రాత్రి చార్జింగ్ పెట్టి పడుకున్నానని రాసిన ఒకాయనకి ఇంతకన్నా మెత్తగా చెప్పలేను: ఆ అలవాటు ఇవాళే మానేయండి. ఎండాకాలం రెంటచింతల వైపు, రామగుండం వైపు ఎండలు తెలుసు కదా, మూసిన కారులో లైపో వదిలి వెళ్లొద్దు.

ప్రశ్న: బండి పెట్టెలో ఒక క్యూఆర్ కోడ్ ఉంది. స్కాన్ చేస్తే యాప్ దిగుతోంది. బండి సెట్టింగులకి ఆ యాప్ కావాలంటున్నారు. అది కాంటాక్ట్స్, లొకేషన్, ఎస్సెమ్మెస్ అనుమతి అడుగుతోంది. ఇవ్వొచ్చా? (విజయవాడ)

వద్దు. ఈ వారం మీరంతా తప్పకుండా చదవాల్సిన జవాబు ఇదే.

ఆ క్యూఆర్ కోడ్ ప్లే స్టోర్‌కి తీసుకెళ్లిందా, లేక నేరుగా ఒక ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్ ఎక్కించే ఫైలు దింపిందా చూసుకోండి. ఏపీకే అయితే అక్కడితో ఆపేయండి. పెళ్లి శుభలేఖ అని, ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ అని వాట్సాప్‌లో ఏపీకేలు పంపి ఖాతాలు ఖాళీ చేసిన కేసులు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని చూశాం? వాటికీ దీనికీ దారి ఒకటే. తెలియని చోట నుంచి వచ్చిన ప్రోగ్రాము, మీ ఫోన్లో ఎస్సెమ్మెస్‌లు చదివే హక్కు అడుగుతోంది. ఆ ఫోన్లోనే మీ యూపీఐ ఉంది, బ్యాంకు ఓటీపీలు వస్తాయి. బండి తయారుచేసినవాళ్లు దొంగలని నేను అనడం లేదు. కానీ ఆ లింకు వెనక ఉన్న సర్వరు ఇవాళ వాళ్లది, రేపు ఎవరిదో మనకు తెలియదు. అట్ట మీద అచ్చేసిన క్యూఆర్ కోడ్ మాత్రం ఏళ్ల తరబడి అదే చోటికి పంపుతుంటుంది. డొమైన్ గడువు తీరి ఇంకెవరో కొనుక్కుంటే ఆ చోట ఏం దిగుతుందో ఆలోచించండి.

లొకేషన్ సంగతి కొంచెం వేరు. ఆండ్రాయిడ్ 11 వరకు బ్లూటూత్ పరికరాలు వెతకాలంటే యాప్ లొకేషన్ అనుమతి అడగక తప్పేది కాదు. ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి వేరే అనుమతి వచ్చింది, లొకేషన్ లేకుండానే పని జరిగిపోతుంది. కాబట్టి కొత్త ఫోన్లో కూడా లొకేషన్ ఇస్తేనే కదులుతానంటే అది తయారీదారుడి బద్ధకం, లేదంటే మీ వివరాల మీద కన్ను. కాంటాక్ట్స్‌కి మాత్రం ఏ సాకూ లేదు. రాళ్ల మీద పాకే బండికి మా పెద్దమ్మ ఫోన్ నంబరుతో ఏం పని?

ఇక "ప్లే ప్రొటెక్ట్ (చెడ్డ యాప్‌లని పట్టుకునే గూగుల్ కాపలా) ఆఫ్ చేయండి" అనో, "యాక్సెసిబిలిటీ ఆన్ చేయండి" అనో సూచనల కాగితంలో ఉంటే ఆ కాగితం అక్కడే చింపేయండి. యాక్సెసిబిలిటీ అనుమతి ఉన్న యాప్ మీ స్క్రీన్ మీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు తనే నొక్కగలదు.

ఇప్పటికే పెట్టేసి అనుమతులన్నీ ఇచ్చేసి ఉంటే: ముందు ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై కూడా ఆపండి, సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ జాబితాల్లో ఆ యాప్ పేరు ఉంటే తీసేయండి, తరవాత యాప్ తొలగించండి. యూపీఐ పిన్, బ్యాంకు పాస్‌వర్డ్ వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయిందని అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, అంతే, ఇంట్లోవాళ్లు తిడతారని దాచుకోవద్దు.

మరి సెట్టింగులెలా అంటారా? ట్రైల్ ట్రక్కు నడపడానికి ఫోనే అక్కర్లేదు. రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్ మీద బండితో నేరుగా మాట్లాడుతుంది. ఈఎస్‌సీ సెట్టింగులు జంపర్లతోనో, కొన్నింటికి విడిగా అమ్మే ప్రోగ్రామ్ కార్డుతోనో మార్చుకోవచ్చు. యాప్ తప్ప వేరే దారి లేని బండి అయితే, సిమ్ లేని, యూపీఐ లేని పాత ఫోన్ ఒకటి తీసి, ప్లే స్టోర్‌లో ఉన్న యాప్ మాత్రమే అందులో వేసుకోండి. అసలు యాప్ లేకుండా ఆన్ కాని, ఖాతా తెరిచి లాగిన్ అయితే గానీ బ్రేకు మార్చనివ్వని బండిని కొనకండని నా సలహా. ఆ కంపెనీ సర్వరు మూసేసిన రోజున మీ బండి సెట్టింగులు కూడా మూసుకుపోతాయి. బాగా పనిచేస్తున్న ఈఎస్‌సీకి "కొత్త ఫర్మ్‌వేర్ (ఈఎస్‌సీని లోపల నడిపే ప్రోగ్రాము) వచ్చింది" అని యాప్ అనగానే ఎక్కించడం కూడా మానండి. మధ్యలో బ్లూటూత్ తెగితే ఈఎస్‌సీ మళ్లీ లేవకపోవచ్చు. ఆ అప్‌డేట్‌తో ఏం మారుతుందో చెప్పకుండా "పనితీరు మెరుగుపడింది" అని ఒక్క ముక్క రాసేవాళ్ల మాట నేను నమ్మను.

బండిలో వైఫై కెమెరా ఉంటే ఇంకో మాట. చవకరకం వాటిలో చాలావాటికి పాస్‌వర్డే ఉండదు, లేదా 12345678 ఉంటుంది. పక్కింటి కుర్రాడు కూడా మీ హాల్లో ఏం జరుగుతోందో చూడగలడు. పాస్‌వర్డ్ మార్చడం కుదరకపోతే కెమెరా పీకేయండి, బండి దానివల్ల కుంటిదైపోదు.

ప్రశ్న: యాక్సిలరేటర్ వదలగానే బండి టక్కున ఆగిపోతోంది. మలుపు కూడా చాలా పెద్దగా తీసుకుంటోంది. వాపసు ఇచ్చేయాలా? (నిజామాబాద్, రాజమహేంద్రవరం నుంచి ఇద్దరు)

ఇవ్వక్కర్లేదు. టక్కున ఆగడం డ్రాగ్ బ్రేకు పని. అది లేకపోతే వాలులో బండి నిలబడదు, వెనక్కి జారుతుంది. మలుపు పెద్దగా రావడానికి కారణం డిఫరెన్షియల్‌లు, అంటే మలుపులో రెండు పక్కల చక్రాలని వేరువేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు, రెండూ లాక్ అయి ఉండడం. రాళ్ల మీద ఒక చక్రం గాల్లో ఉన్నా మిగతావి లాగాలంటే అలాగే ఉండాలి. రోడ్డు మీద వేగంగా తిప్పాలనుకుంటే మీకు కావాల్సింది ఈ బండి కాదు. ఇది మనిషి నడిచినంత వేగంతో, ఎక్కడ చక్రం పెట్టాలో ఆలోచించుకుంటూ నడిపే బండి.

స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు సర్వో, అంటే చక్రాలని పక్కకి తిప్పే చిన్న మోటార్, గుయ్యిమంటూ ఉంటే మాత్రం వదిలేయొద్దు. చక్రం తిరగలేని చోటికి తిప్పమని మనం ఒత్తుతున్నామన్నమాట. రిమోట్‌లో ఎండ్ పాయింట్, అంటే స్టీరింగ్ ఎంతవరకు తిరగాలన్న హద్దు, తగ్గించండి. రాయిలో చక్రం ఇరుక్కున్నప్పుడు స్టీరింగ్ తిప్పితే బండి మొత్తం ఒక్క క్షణం ఆరిపోయి మళ్లీ వెలుగుతోందంటే, మీరు వేసిన కొత్త బలమైన సర్వోకి ఈఎస్‌సీలోని బీఈసీ (సర్వోకి కరెంటిచ్చే భాగం) ఇచ్చే కరెంటు చాలడం లేదు. విడిగా ఒక బీఈసీ పెట్టుకోండి.

హైదరాబాద్‌వాళ్లకి ఒక మాట: ఖాజాగూడ వైపు ఉన్న గ్రానైట్ బండలు ఈ బండ్లకి చాలా బాగుంటాయి. గరుకు రాయి మీద టైరు పట్టు ఎంత బాగుంటుందో చూస్తేగానీ తెలీదు. గుంతల్లో నీళ్లుంటాయి, "వాటర్‌ప్రూఫ్" అన్న మాట నమ్మి ముంచేయకండి. ఎలక్ట్రానిక్స్‌కి ఏమీ కాకపోయినా బేరింగులు తుప్పు పడతాయి. ఇంటికొచ్చాక నీళ్లు దులిపి ఆరబెట్టి, బేరింగులకి ఒక్కో చుక్క నూనె వేయండి. మొదటిసారి బయటికి తీసుకెళ్లే ముందు చక్రాల నట్లు, డ్రైవ్ షాఫ్టుల స్క్రూలు ఒకసారి బిగించి చూసుకోండి, వదులుగా వచ్చిన బండ్లు చాలా ఉన్నాయి.

ప్రశ్న: డల్లాస్ నుంచి మా తమ్ముడు ట్రక్కు, రెండు లైపోలు, చార్జర్ తెస్తానంటున్నాడు. విమానంలో తేనిస్తారా? ఇక్కడ పనిచేస్తాయా? (కరీంనగర్)

బండి చెకిన్ సామానులో పెట్టుకోవచ్చు. విడి లైపోలు మాత్రం చేతి బ్యాగులోనే తేవాలి, చెకిన్‌లో పెట్టకూడదు. 7.4 వోల్టులు, 5000 ఎంఏహెచ్ అంటే 37 వాట్ అవర్లు, 100 లోపే కాబట్టి సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయినా మీ విమాన సంస్థ నిబంధనలు బయల్దేరే ముందు ఒకసారి చూసుకోమనండి. ఒక్కోదాని కొసలకి ఇన్సులేషన్ టేపు చుట్టి, వేరువేరు సంచుల్లో పెట్టమనండి. బ్యాటరీలు నిండుగా చార్జ్ చేసి తేవొద్దు.

చార్జర్ దగ్గరే జనం దెబ్బతింటున్నారు. దాని వెనక "100–240" అని ఉంటే మన 230 వోల్టులకి ఏ ఢోకా లేదు, పిన్ను మార్చే అడాప్టర్ చాలు. 120 ఒక్కటే రాసి ఉంటే ఇక్కడి ప్లగ్గులో పెట్టిన మరుక్షణం కాలిపోతుంది. పిన్ను అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు. అలాంటిదైతే చార్జర్‌ని అక్కడే వదిలేసి రమ్మనండి, ఇక్కడ బ్యాలెన్స్ చార్జర్ కొనుక్కోవచ్చు. కొనేముందు బ్యాటరీకి ఉన్న కనెక్టర్ ఎక్స్‌టీ60నా, టీ-ప్లగ్గా అని ఫొటో తెప్పించుకోండి. కనెక్టర్ కలవలేదని వైర్లు కోసి అతికించేటప్పుడు ఎరుపు, నలుపు తారుమారైతే ఈఎస్‌సీ పోతుంది. రెండు వైర్లూ ఒకేసారి కోయొద్దు, కొసలు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. ఒకటి కోసి, అతికించి, టేపు వేశాకే రెండోది ముట్టుకోండి.