అమ్మణ్ణికి, కిటికీ హ్యాండిళ్ళు కొనే ముందు

అమ్మణ్ణికి పెదనాయన ఆశీస్సులు.

నిన్న రాత్రి మీయమ్మ ఫోన్ చేసింది. తిరుపతిలో మీరు కొన్న పాత ఫ్లాటులో యూపీవీసీ కిటికీల హ్యాండిళ్ళు చాలావరకు వదులైపోయినాయంట, మనిషిని పిలవకుండా నువ్వే మార్చుకుంటానంటా ఉండావంట. విన్నాక నిద్ర పట్టలా. మా షెడ్డులో నా టేపు పట్టుకుని వెనకాల తిరిగిన పిల్లవి, స్క్రూడ్రైవర్ పట్టడానికి భయపడవని తెలిసి గర్వంగానే ఉండాది. కానీ మూడో అంతస్తు, ఇంట్లో రెండున్నరేండ్ల బిడ్డ. ఆ దిగులు పోవడం లేదు. ఫోన్‌లో చెప్తే సగం వింటావని రాస్తా ఉండా. రెండుసార్లు చదువు.

హ్యాండిల్ వదులైనంత మాత్రాన అది చెడిపోయినట్టు కాదు. అడుగు పట్టీ మీద మూత ఉంటాది. దాన్ని పక్కకు తిప్పితేనో, గోటితో లేపితేనో రెండు స్క్రూలు అగుపడతాయి. హ్యాండిల్ అడ్డం వస్తే దాన్ని అడ్డంగా తిప్పుకో. ముందు అవి బిగించి చూడు. కొన్ని కిటికీలకు పని అంతటితో అయిపోతాది.

బిగించినా తిరగడం కష్టంగా ఉంటే, కొత్తది కొనకముందే ఒక పరీక్ష చెయ్యి. రెక్క తెరిచి ఉంచి హ్యాండిల్ తిప్పు. అప్పుడు కూడా బిగుసుకుంటే తప్పు రెక్క లోపలి లాకుది. తెరిచినప్పుడు సులువుగా తిరిగి, మూసినప్పుడే మొరాయిస్తే రెక్క కిందికి జారిందని అర్థం, ఫ్రిక్షన్ స్టేలు, అంటే రెక్కను ఫ్రేముకు పట్టి ఉంచే మడత పట్టీలు, సర్దాల. మూడో అంతస్తులో ఆ పని నువ్వు ముట్టుకోవద్దు, మనిషిని పిలువు. స్టే స్క్రూ ఊడితే రెక్క మొత్తం చేతికొస్తాది. ఈ రెండు తప్పులూ సరిచెయ్యకుండా కొత్త హ్యాండిల్ వేసి బలం పెట్టి తిప్పితే ఆ కొత్తది కూడా విరుగుతాది. ఏడాదికి రెండుసార్లు హ్యాండిళ్ళు మార్చే ఇళ్ళు నేను చూసినాను. ఎవురూ రెక్క వైపు చూడరు, హ్యాండిల్‌నే తిడతారు.

ఇంక కొలతలు. పాతది విప్పి వెనక్కి తిప్పు. నాలుగు పలకల ఇనప కడ్డీ ఉంటాది, అదే స్పిండిల్. సాధారణంగా 7 మిల్లీమీటర్ల చదరం. రెండు స్క్రూ రంధ్రాల మధ్య దూరం, నడిమి నుంచి నడిమికి, 43 మిల్లీమీటర్లు. ఈ రెండు కొలతలూ చానా రకాలకు ఒకటే కాబట్టి, అంగడాయన ఏదైనా పడతాదంటాడు. బిగించడానికి పడతాది, నిజమే. స్పిండిల్ పొడుగు మాత్రం ఒక్కోదానికి ఒక్కోలాగుంటాది. పట్టీ అడుగు నుంచి కడ్డీ కొస దాకా కొలిచి రాసుకో. కడ్డీకి బదులు రెండు కోరలుండే రకం కూడా ఉండాది, దాని లాకే వేరు, ఒకదాని బదులు ఒకటి పనికిరాదు.

పొడుగు ఎక్కువైతే పట్టీ ఫ్రేముకు ఆనదు. హాక్సా బ్లేడుతో కోసి, ఆకురాయితో కొస నునుపు చేసుకోవచ్చు. తక్కువైతే చేసేదేమీ లేదు, తిరిగి ఇచ్చెయ్యాల.

ఈ పొడుగు గురించి ఇంత పట్టుగా ఎందుకు చెప్తా ఉండానో నీకు తెలీదు. మీ నాయన నీకు చెప్పొద్దన్నాడు. ఇప్పుడు చెప్పకుంటే నా మనసు ఒప్పదు.

2021 శ్రావణంలో నీ నిశ్చితార్థం. అప్పుడు మీ వాళ్ళు కపిలతీర్థం రోడ్డులో బాడుగకుండేవాళ్ళు, రెండో అంతస్తు. హాల్లో సందు వైపు కిటికీ హ్యాండిల్ రంగు పోయి నల్లబడిందని, మగపెళ్ళివాళ్ళు వచ్చేలోగా మార్చాలని మీ నాయన పట్టుబట్టినాడు. నాతో ఒక్క మాట అనుంటే చిత్తూరులో పొద్దున్నే బస్సెక్కి వచ్చుందును. అన్నను శ్రమపెట్టేదెందుకని చెప్పలా. చిన్నప్పటి నుంచీ వాడిదదే గుణం. అంగడికి పోయి బంగారు రంగుది, చూడముచ్చటగా ఉన్నది తెచ్చినాడు. పాతది చేతిలో పట్టుకుని పోలా. పాతదాని స్పిండిల్ పొడుగు 40 మిల్లీమీటర్లు, తెచ్చినదానిది 30. స్క్రూలు చక్కగా కూర్చున్నాయి, హ్యాండిల్ తిరిగింది, కిటికీ మూసుకుంది. ఇంటికొచ్చినోళ్ళంతా బాగుందన్నారు కూడా.

లాకులో చదరపు రంధ్రం ఒకటి ఉంటాది. స్పిండిల్ దాంట్లో నిండా దూరాల. వాడు పెట్టింది రంధ్రం అంచును కొసతో రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రం పట్టుకుంది. తిప్పినప్పుడల్లా బలమంతా ఆ కాస్త మీదే పడి, రంధ్రం మూలలు అరిగి గుండ్రమైపోయినాయి. కొన్నాళ్ళు పనిచేసింది. ఆ తర్వాత హ్యాండిల్ కిందికి దిగతా ఉండింది గానీ, రెక్క అంచున ఉండి దాన్ని ఫ్రేముకు పట్టించే రోలర్లు కదలడం మానేసినాయి. మీయమ్మ రోజూ రాత్రి హ్యాండిల్ దించి, కిటికీ మూసినాననుకుని పడుకునేది.

నవంబరులో ఆ వానలొచ్చినాయి. నువ్వు బెంగళూరులో ఉండావు, టీవీలో చూసుంటావు. తిరుపతి వీధులు ఏరులైనాయి, శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూసేసినారు. అలాంటి ఒక రాత్రి గాలికి ఆ రెక్క తెరుచుకుని, మళ్ళీ విసురుగా వచ్చి ఫ్రేముకు కొట్టుకుంది. అద్దం పగిలి ముక్కలు సందులో పడినాయి. ఆ వానలో కింద ఎవురూ లేకపోబట్టి సరిపోయింది. కరెంటు లేదు. మీయమ్మ చీకట్లో రెక్కను లాగి పట్టుకోబోయింది. కత్తిపీట తెగిందని నీకు చెప్పిందే, అరచేతిలో ఆ మచ్చ, అది కత్తిపీటది కాదు అమ్మణ్ణీ. వీధంతా నీళ్ళు, ఆసుపత్రికి పొయ్యే దారి లేదు. మీ నాయన పంచె చింపి కట్టు కట్టి, తెల్లారేదాకా ఆమె చెయ్యి పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు.

దారులు తెరుచుకున్నాక నేను పోయి విప్పి చూసినాను. చూపించి మరీ తిట్టినా. వాడు తల దించుకుని, "బిడ్డ ఇల్లు బాగా అగుపడాలనుకున్నా అన్నా" అన్నాడు. దాంతో నా నోరు పెగల్లేదు. కాబట్టి ఈ సంగతి తెలిసినట్టు వాడి దగ్గర అనొద్దు.

నీ ఇంట్లో నాకు భయమంతా బాల్కనీ పక్క కిటికీ గురించే. పాత ఓనరు దానికి గ్రిల్లు తీసేసినాడని మీయమ్మ చెప్పింది. ముందు గ్రిల్లు పెట్టించు, మిగతావన్నీ ఆ తర్వాత. అది పెట్టేదాకా రెక్క 10 సెంటీమీటర్లకు మించి తెరుచుకోకుండా రిస్ట్రిక్టర్ వేయించు. ఆ కిటికీకి తాళంచెవి ఉండే హ్యాండిలే కొను. బీరువాలో దాచిన తాళంచెవి వేళకు చేతికి రాదు. కిటికీ పక్కనే, బిడ్డకు అందనంత ఎత్తులో మేకుకు తగిలించు, ఇంట్లో అందరికీ చూపించు. సోఫా, స్టూలు, మంచం ఏదీ ఆ కిటికీ దగ్గర వెయ్యొద్దు. బిడ్డ ఎక్కుతాది. నువ్వు కూడా ఆ వయసులో మా షెడ్డులో చెక్కల గుట్ట మీద కెక్కి కూర్చున్నదానివే, దించడానికి మీ పెద్దమ్మ పడిన పాట్లు నాకింకా గుర్తుండాయి.

పడకగదుల్లో లోపల గ్రిల్లు ఉండాది కదా. హ్యాండిల్ తిప్పినప్పుడు గ్రిల్లు కడ్డీకి తగలకూడదు, కడ్డీల సందులో నుంచి నీ చెయ్యి దూరాల. దాన్ని పట్టి హ్యాండిల్ ఎత్తు చూసుకో. పక్కకు వంగి ఉండే రకం కొంటే ఎడమ, కుడి వేరువేరు. లోపల నిలబడి చూస్తే కబ్జాలు ఏ పక్క ఉండాయో రాసుకుని పో. వంటింట్లో జరిపే కిటికీకి ఇవేవీ పనికిరావు, దానికి టచ్ లాకు. ఆ లాకు మాత్రం గట్టిది చూడు, కొండ పక్క కోతులు రెక్కను నెట్టుకుని లోపలికొస్తాయి.

జింక్ అల్లాయ్ పోతవైనా, అల్యూమినియంవైనా సరే, ప్లాస్టిక్‌వి వద్దు. రంగు నీ ఇష్టం.

ఆన్‌లైనులో అన్నీ ఒకేసారి తెప్పించొద్దు. ఒకటి తెప్పించి, బిగించి, వారం వాడి చూడు. పాతది తీసేటప్పుడు ఏ దిక్కుకు ఉండిందో కొత్తది ఆ దిక్కుకే పెట్టు. స్క్రూలు చేత్తోనే బిగించు, డ్రిల్లు మిషన్‌తో వద్దు, మరీ బిగిస్తే హ్యాండిల్ పట్టేస్తాది. స్క్రూలు పాతవాటికంటే పొడుగైతే లోపల లాకుకు తగులుతాయి, పక్కపక్కన పెట్టి సరిచూడు.

మీ నాయన చెయ్యకుండా వదిలేసింది ఒక్కటే, నువ్వు వదలొద్దు. బిగించినాక రెక్క తెరిచి ఉంచి హ్యాండిల్ తిప్పుతా అంచున రోలర్లను చూడు. పాత హ్యాండిల్‌తో అవి ఎంత దూరం పోతాయో విప్పకముందే పెన్సిల్‌తో గీత పెట్టుకో, కొత్తదానితోనూ ఆ గీత దాకా పోవాల. ఆ తర్వాత రెక్కకూ రబ్బరుకూ మధ్య కాగితం ముక్క పెట్టి మూసి లాగు. సులువుగా ఊడొస్తే రెక్క సరిగ్గా పట్టలేదు. నాలుగు పక్కలా చూడు.

మరకలు పోవాలని థిన్నర్ పెట్టి తుడవొద్దు, యూపీవీసీ పాడవుతాది. తడిగుడ్డ, సబ్బునీళ్ళు చాలు.

ముందు బాల్కనీ కిటికీ హ్యాండిల్ విప్పి, స్పిండిల్ పక్కన టేపు ఆనించి, కొలత అగుపడేటట్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. నేను చూసి సరే అన్నాకే డబ్బు కట్టు. సరుకు వచ్చినాక ఫోన్ చెయ్యి, ఆ ఆదివారం మీ పెద్దమ్మా నేనూ వస్తాము. నేను పనిలో చెయ్యి పెట్టను, అంతా నువ్వే బిగించు. ఆ పనయ్యేదాకా బిడ్డను ఎత్తుకుని లోపలి గదిలో ఉంటా.

అల్లుడికి ఆశీస్సులు, బిడ్డకు ముద్దులు.

మీ పెదనాయన
చిత్తూరు